వెలిగింది ఎయిర్‌బ్యాగ్ లైట్, కోడ్ వచ్చింది సీట్ బెల్ట్‌ది: ప్రీటెన్షనర్ వైరింగ్ చిక్కులు

గాజువాక ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రీషియన్ షెడ్డు ముందు కాసేపు నిలబడితే ఈ మాటలు చెవిన పడటం మామూలే. "గురూ, మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరట్లేదు, ఒకసారి చూడు." స్కానర్ తగిలించిన కుర్రాడు చెప్పే జవాబు: "ఎయిర్‌బ్యాగ్‌కేం కాలేదు సార్. డ్రైవర్ సైడు ప్రీటెన్షనర్ కోడ్ చూపిస్తోంది." కారాయన బెల్ట్ లాగి చూస్తాడు. మెల్లగా లాగితే వస్తోంది, గట్టిగా ఒక్కసారి లాగితే లాక్ అవుతోంది, బకిల్‌లో టక్కున పడుతోంది. మరి పాడైంది ఏమిటి?

అక్కణ్నుంచి సలహాలు మూడు దారుల్లో పోతాయి. ఒకరు బెల్ట్ సెట్టు మొత్తం మార్చేయాలంటారు. ఇంకొకరు కోడ్ డిలీట్ చేస్తే చాలంటారు. మూడో ఆయన సీటు కింద చెయ్యి పెట్టి, పసుపుపచ్చ కప్లర్‌ను, అంటే వైర్లను కలిపే ప్లగ్గును, ఒకసారి నొక్కి వదిలి, "ఇప్పుడు చూడండి" అంటాడు. ముగ్గురిలో ఎవరి మాటైనా ఏదో ఒక కారు విషయంలో నిజం కావచ్చు. అయితే మన కారుకు ఏది నిజమో తేలాలంటే ఆ లైట్ దేన్ని చూసి వెలిగిందో ముందు తెలియాలి. అది చూసేది బెల్ట్ పట్టీని కాదు. బెల్ట్ వదులును లాగేసే ప్రీటెన్షనర్ అనే భాగం దాకా వెళ్లే రెండు వైర్లలో కరెంటు దారి ఎలా ఉందో అది చూస్తుంది.

బెల్ట్‌కు కరెంటుతో ఏం పని?

1959లో వోల్వో తన కార్లలో మూడు చోట్ల బిగించే బెల్ట్ పెట్టినప్పుడు అందులో వైరన్నదే లేదు. పట్టీ, బకిల్, బోల్టులు, అంతే. తర్వాత వచ్చిన చుట్టుకునే రీలు, ఒక్క కుదుపుకు లాక్ అయ్యే ఏర్పాటు కూడా మెకానికల్ పనులే. ఇప్పటికీ బెల్ట్ లాక్ అవడానికి కరెంటు అక్కర్లేదు.

చిక్కంతా వదులుతోనే. కడుపు మీద బిగుతుగా ఉందని కాస్త లాగి వదిలేస్తాం, సీట్లో జారగిలబడి కూర్చుంటాం. కారు దేన్నయినా గుద్ది ఆగిపోతున్నా మనిషి పాత వేగంతోనే ముందుకు పోతాడు. వదులు ఎంత ఉంటే అంతవరకు బెల్ట్ అతణ్ని పట్టుకోదు. గుద్దుకోవడం మొత్తం దాదాపు సెకనులో పదో వంతులో అయిపోతుంది కాబట్టి, అందులో మొదటి ముక్క వృథా అయితే మిగిలిన కొద్ది సమయంలోనే ఒంటి మీద భారమంతా పడుతుంది.

ఆ వదులును లాగేసేదే ప్రీటెన్షనర్. అందులో చిన్న పేలుడు మందు గుళిక ఉంటుంది. కారు ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ కరెంటు పంపగానే అది అంటుకుని గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాస్ ఒక పిస్టన్‌నో, వరుసగా పేర్చిన ఉక్కు గోళీలనో తోస్తుంది. అవి రీలును వెనక్కి తిప్పుతాయి. సుమారు పది మిల్లీ సెకన్లలో పది సెంటీమీటర్ల అటూఇటూ పట్టీ లోపలికి పోతుంది. ఆ తర్వాత ఛాతీ మీద భారం మరీ ఎక్కువ కాకుండా లోడ్ లిమిటర్ అనే భాగం పట్టీని కొద్దికొద్దిగా వదులుతుంది. 1981లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో ఎయిర్‌బ్యాగ్‌తో పాటు కనిపించిన ఈ ఏర్పాటు ఇప్పుడు మన రోడ్ల మీది చిన్న కార్లలో కూడా ఉంది. ఖరీదైన కొన్ని కార్లలో దీనికి తోడు మోటారుతో బిగించే బెల్ట్‌లు కూడా ఉంటాయి. వాటి లోపాలు వేరు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

ప్రీటెన్షనర్ ఎక్కడుంటుందన్నది వైరింగ్ వెతుకులాటలో ముఖ్యం. ఎక్కువ కార్లలో ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య ఉన్న పిల్లర్ అడుగున, రీలుతో కలిసి ఉంటుంది. కొన్నిటిలో బకిల్ దగ్గర, సీటును ఆనుకుని ఉంటుంది. ఇంకొన్నిటిలో నడుం పట్టీ బోల్టు బిగించే చోట రెండోది కూడా ఉంటుంది. పిల్లర్‌లో ఉన్నదాని వైరు కదలదు. బకిల్ దగ్గర ఉన్నదాని వైరు సీటు కింద నుంచి వెళ్తుంది కాబట్టి సీటు జరిపినప్పుడల్లా కదులుతుంది.

రెండు ఓమ్స్ లెక్క

మందు గుళిక లోపల వెంట్రుక లాంటి సన్నటి తీగ ఉంటుంది. కరెంటు పోతే ఎర్రగా కాలి మందును అంటిస్తుంది. దాన్ని స్క్విబ్ అంటారు. దాని నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, సుమారు 2 ఓమ్స్. చాలా రకాల్లో 1.2 ఆంపియర్ల కరెంటు 2 మిల్లీ సెకన్ల పాటు పోతే అది అంటుకుంటుంది, 0.4 ఆంపియర్ల లోపైతే అంటుకోదు.

పేల్చి చూస్తే తప్ప పనిచేస్తుందో లేదో తెలియని వస్తువు ఇది, పేల్చి చూడటమా కుదరదు. అందుకే కంప్యూటర్ ఇంకో దారి పట్టింది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ మందు అంటుకోని స్థాయిలో, కొన్ని పదుల మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపి, ఎంత వోల్టేజ్ పడుతోందో కొలుస్తూ ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. కంప్యూటర్ 40 మిల్లీ ఆంపియర్లు పంపింది. స్క్విబ్ 2 ఓమ్స్, వైర్లూ కప్లర్లూ కలిపి 0.2, మొత్తం 2.2 ఓమ్స్. అంటే 88 మిల్లీ వోల్టులు. అంతా సవ్యంగా ఉంది, లైట్ వెలగదు. ఇప్పుడు ఒక కప్లర్ పిన్నుకు చిలుము పట్టి అక్కడ ఇంకో 2.3 ఓమ్స్ చేరాయనుకుందాం. మొత్తం 4.5 ఓమ్స్, 180 మిల్లీ వోల్టులు. ఈ కారు తయారీదారు పెట్టిన పై హద్దు 4 ఓమ్స్ అనుకుంటే లైట్ వెలిగిపోతుంది. హద్దు ఎంతన్నది కంపెనీని బట్టి మారుతుంది కానీ లెక్క తీరు ఇదే.

కారు పైకప్పులో వెలిగే చిన్న లైట్ వైరులో రెండు ఓమ్స్ పెరిగితే ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఇక్కడ మాత్రం అదే రెండు ఓమ్స్ మీటర్ బోర్డు మీదికి వచ్చి కూర్చుంటాయి.

అలాగని 4.5 ఓమ్స్ దగ్గర ప్రీటెన్షనర్ పేలదని కాదు. 1.2 ఆంపియర్లు పోవాలంటే 5.4 వోల్టులు చాలు, అంతకంటే ఎక్కువే కంప్యూటర్ చేతిలో ఉంటుంది. పేలే అవకాశమే ఎక్కువ. లైట్ చెప్పేది "పేలదు" అని కాదు, "పేలుతుందని మాట ఇవ్వలేను" అని. మామూలు రోడ్డు మీదే నిలకడ లేని పిన్ను, కారు నుజ్జవుతున్న క్షణంలో ఎలా ఉంటుందో కంప్యూటర్‌కు తెలియదు మరి. షెడ్డులో జరిగే వాదనలు సగం ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే.

కోడ్ ఎంతవరకు చెబుతుంది?

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మీటర్‌లో రెండు ఎర్ర బొమ్మలు ఉంటాయి. మనిషికి అడ్డంగా పట్టీ ఉన్న బొమ్మ బెల్ట్ పెట్టుకోలేదని చెప్పేది. దాని వెనక ఉన్నది బకిల్‌లోని స్విచ్. మనిషి ముందు గుండ్రటి బంతి ఉన్న బొమ్మ ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థది. ప్రీటెన్షనర్ లోపం చూపించేది ఈ రెండోదే, ఎందుకంటే ఎయిర్‌బ్యాగులనూ ప్రీటెన్షనర్లనూ పేల్చే కంప్యూటర్ ఒక్కటే.

ఆ కంప్యూటర్ రాసిపెట్టుకునే కోడ్‌లు బి అక్షరంతో మొదలవుతాయి. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిపే చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్‌కు సంబంధించిన పి కోడ్‌లే చదువుతాయి. "స్కానర్‌లో ఏ లోపమూ లేదని వచ్చింది, లైట్ మాత్రం పోలేదు" అనే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే.

కంపెనీలు నంబర్లు వేరువేరుగా పెట్టుకున్నా, ఫిర్యాదులు నాలుగు రకాలే. నిరోధం ఎక్కువైంది లేదా దారి తెగిపోయింది అన్నది మొదటిది. వైరు ఒరుసుకుపోయి సీటు ఫ్రేముకో బాడీకో తగిలి ఎర్త్ అయింది అన్నది ఇంకొకటి. బ్యాటరీ ప్లస్ వైరుతో కలిసింది అన్నది మరొకటి, ఇది అరుదు. నాలుగోది నిరోధం మరీ తక్కువైందని చెప్పేది. ఇది మంచి మెకానిక్‌ను కూడా తికమక పెడుతుంది.

ప్రీటెన్షనర్ కప్లర్ లోపల చిన్న రాగి రేకు ఒకటి ఉంటుంది. కప్లర్ ఊడదీయగానే ఆ రేకు స్క్విబ్ రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది, చేతిలో ఉన్నప్పుడు ఒంటి మీది స్టాటిక్ కరెంటుకో మరో దానికో పేలకుండా. కప్లర్ పూర్తిగా లోపలికి దిగితే దాని ప్లాస్టిక్ అంచు ఆ రేకును పక్కకు నెడుతుంది. సగమే దిగితే? పిన్నులు తగులుతాయి, రేకు మాత్రం పక్కకు జరగదు. కరెంటు స్క్విబ్‌లోకి పోకుండా రేకు మీదుగానే తిరిగొస్తుంది. ఊడిపోయిన కప్లర్ "ఎక్కువ" అని చూపిస్తే, సగం దిగినది "తక్కువ" అని చూపిస్తుందన్నమాట. ఎక్కడో వైర్లు షార్ట్ అయ్యాయనుకుని కార్పెట్ అంతా లేపి వెతికేవాళ్లు ఉన్నారు. కావలసింది కప్లర్ టక్కుమనేదాకా నొక్కడమే కావచ్చు.

ఏ కోడ్ వచ్చినా అది చెప్పేది ఏ దారిలో లోపం ఉందన్నది, ఏ వస్తువు పాడైందన్నది కాదు. "డ్రైవర్ ప్రీటెన్షనర్, నిరోధం ఎక్కువ" అనే వాక్యంలో కంప్యూటర్ పిన్ను, ఫ్లోర్ వైరింగ్, మధ్యలో కప్లర్, చివర కప్లర్, స్క్విబ్ అన్నీ కలిసి ఉన్నాయి. కోడ్‌లో బెల్ట్ పేరుంది కదా అని బెల్ట్ మార్చడం అంటే ఆ అయిదింటిలో అన్నిటికంటే ఖరీదైనదాన్ని ముందుగా అనుమానించడం.

ఉప్పుగాలి, ఇసుక, ఎలుకలు

విశాఖలో ఈ లోపానికి తనదంటూ కొన్ని కారణాలున్నాయి. సముద్రం గాలిలో ఉప్పు ఉంటుందని అందరికీ తెలుసు. కారు లోపలికి ఉప్పు ఎక్కువగా వచ్చేది మాత్రం మన కాళ్లతోనే. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో తడి కాళ్లతో కారెక్కితే ఆ ఇసుక మ్యాట్ మీద రాలి, అంచు నుంచి కార్పెట్ కిందికి చేరుతుంది. ఉప్పు పట్టిన ఇసుక గాలిలోని తేమను లాక్కుంటుంది. పైన కార్పెట్ పొడిగా ఉన్నట్టే ఉంటుంది, కింద స్పాంజి చెమ్మగా ఉంటుంది. వైరింగ్ పోయేది ఆ స్పాంజి పక్కనే. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోతే ఎడమ వైపు కాళ్ల దగ్గర తడవడం మరో సంగతి. వానాకాలంలో అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలోంచి నడిపితే తలుపు రబ్బరు దాటి పిల్లర్ అడుక్కి నీళ్లు చేరవచ్చు.

ఎయిర్‌బ్యాగ్ కప్లర్ల పిన్నులకు చాలా కంపెనీలు బంగారు పూత వేస్తాయి, తుప్పు పట్టకుండా, సన్నటి కరెంటు కూడా సాఫీగా పోయేలా. ఆ పూతే గీసుకుపోతే అడుగున ఉన్న లోహానికి పచ్చటి చిలుము పడుతుంది. నీళ్లే రానక్కర్లేదు. సీటు కదిలినప్పుడల్లా పిన్ను పిన్నుకు రాసుకుంటూ పోతే ఆ రాపిడికే పూత అరుగుతుంది. కంటికి శుభ్రంగా కనిపిస్తూనే నిరోధం పెంచే పిన్నులు ఇలాంటివే.

ఇక మనుషుల పని. సీటు కిందికి దొర్లిన నీళ్ల సీసా, గొడుగు కామ, పిల్లల బొమ్మ కారు. వాషింగ్‌లో వాక్యూమ్ గొట్టం తోయడం. సీట్ కవర్లు వేసేవాళ్లు కింద హుక్కు తగిలించడానికి చోటు దొరక్క వైరు గుత్తికే తగిలించడం. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు కొరకడం ఈ జాబితాలో చివర వచ్చినా అనుభవంలో ముందే వస్తుంది.

లైట్ ఎప్పుడు వెలుగుతోందన్నది కూడా సమాచారమే. సీటు జరిపితే వచ్చి, మళ్లీ జరిపితే పోయే లోపానికి సీటు కింది వైరే మొదటి అనుమానితుడు. వాన పడ్డ మర్నాడు వచ్చి, నాలుగు రోజుల ఎండకు పోయేది తేమ పని.

కవర్లు మార్చిన వారానికి వచ్చిన లైట్

ఊహించిన ఉదాహరణే, కానీ ఇలాంటివి బోలెడు. ఎంవీపీ కాలనీలో ఒకరి ఆరేళ్ల కారు. కొత్త సీట్ కవర్లు వేయించారు. వారానికి ఎయిర్‌బ్యాగ్ లైట్. కోడ్: డ్రైవర్ బకిల్ ప్రీటెన్షనర్, నిరోధం ఎక్కువ. కోడ్ డిలీట్ చేయించారు, లైట్ ఆరింది. ఆదివారం భీమిలి వెళ్తుంటే మూడో స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్లీ వెలిగింది. కోడ్ డిలీట్ చేయడమంటే కంప్యూటర్ రాసుకున్న చీటీ చింపడమే. లోపం అలాగే ఉంటే అది ఇంకో చీటీ రాసుకుంటుంది.

ఇప్పుడు స్కానర్‌లో ఆ దారి నిరోధం ఎంతుందో చూస్తూ సీటును మెల్లగా వెనక్కి జరిపారనుకుందాం. చాలా స్కానర్లలో ఈ అంకె కనిపిస్తుంది. 2.2, 2.2, 2.4, ఒక్కసారిగా 6 దాటింది. ముందుకు లాగితే మళ్లీ 2.2. స్క్విబ్ తీగ తెగితే ఇలా అటూ ఇటూ ఊగదు. కదిలేదేదో దారిలో ఉంది.

తర్వాతి మెట్టుకు ముందు బ్యాటరీ తీసి కాసేపు ఆగుతారు. గుద్దినప్పుడు బ్యాటరీ వైరు తెగినా ఎయిర్‌బ్యాగులు పేలాలని కంప్యూటర్ లోపల కెపాసిటర్లలో కరెంటు దాచి ఉంటుంది. అది దిగిపోవడానికి కొన్ని కంపెనీలు 90 సెకన్లు, కొన్ని 3 నిమిషాలు చెబుతాయి. తర్వాత ప్రీటెన్షనర్ కప్లర్ ఊడదీసి, దాని బదులు 2 ఓమ్స్ ఉన్న డమ్మీ, అంటే ఉత్త రెసిస్టర్, తగిలిస్తారు. బ్యాటరీ పెట్టి చూస్తే ఫలితం రెండు రకాలు. డమ్మీతో కోడ్ రాకపోతే లోపం ప్రీటెన్షనర్‌లో లేదా దాని కప్లర్ తగులుబాటులో ఉంది. డమ్మీ ఉన్నా సీటు జరిపితే కోడ్ వస్తోందంటే ప్రీటెన్షనర్ నిర్దోషి, వైరులోనే తేడా. మన ఉదాహరణలో రెండోదే జరిగింది. కవర్ హుక్కు వైరును బిగలాగి పట్టుకుంది, మధ్య కప్లర్‌లో ఒక పిన్ను తన గూటి నుంచి వెనక్కి జారింది. బెల్ట్ సెట్టు మార్చి ఉంటే కొత్త బెల్ట్‌తో కూడా అదే లైట్ వెలిగేది.

వైరింగ్‌ను వదిలేసి ఇదే డమ్మీని నేరుగా కంప్యూటర్ పిన్నుల దగ్గర తగిలించినా కోడ్ వస్తుంటే అప్పుడు కంప్యూటర్‌నే అనుమానించాలి. అది అరుదు, కానీ లేకపోలేదు. 2023 జనవరిలో మారుతీ సుజుకి 17,362 కార్లను వెనక్కి పిలిచింది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో లోపం ఉండవచ్చనీ, అరుదైన సందర్భాల్లో ఎయిర్‌బ్యాగులూ సీట్ బెల్ట్ ప్రీటెన్షనర్లూ పనిచేయకపోవచ్చనీ చెప్పింది. రీకాల్‌లో ఉన్న కారుకు షెడ్డులో వైరు వెతుక్కోవడం అనవసరం, కంపెనీయే ఉచితంగా మారుస్తుంది.

మల్టీమీటర్ మీద వాదన

ప్రీటెన్షనర్‌కు నేరుగా మీటర్ పెట్టి ఓమ్స్ చూడకూడదని సర్వీస్ మాన్యువల్స్ గట్టిగా చెబుతాయి. అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు కొందరు దీన్ని నవ్వేస్తారు: "డిజిటల్ మీటర్ ఇచ్చేది మహా అయితే మిల్లీ ఆంపియరు, దానికి పేలుతుందా?" వాళ్ల లెక్క తప్పు కాదు. మంచి డిజిటల్ మీటర్ ఇచ్చే కరెంటు 0.4 ఆంపియర్ల హద్దుకు చాలా దూరం.

మాన్యువల్ రాసేవాళ్లు ఆ ఒక్క మీటర్‌ను దృష్టిలో పెట్టుకుని రాయరు. పాత ముల్లు మీటర్లు తక్కువ ఓమ్స్ రేంజ్‌లో చాలా ఎక్కువ కరెంటు ఇస్తాయి. ఇన్సులేషన్ చూసే మెగ్గర్ వందల వోల్టులు పంపుతుంది. ఇక 12 వోల్టుల, 21 వాట్ల బల్బుతో చేసుకున్న టెస్ట్ లైట్ స్క్విబ్‌కు తగిలితే 1.2 ఆంపియర్ల గీతను దాటేస్తుంది. ఎవరి చేతిలో ఏ పరికరం ఉంటుందో తెలియనప్పుడు "వద్దు" అనే మాటే రాస్తారు. పైగా మీటర్ తీగలకే 0.2 నుంచి 0.5 ఓమ్స్ దాకా నిరోధం ఉంటుంది. రెండు ఓమ్స్ కొలిచే చోట ఆ తప్పు చిన్నది కాదు. డమ్మీ పద్ధతి ఉండగా ఇంత సాహసం చేసి వచ్చే లాభమేమీ కనిపించదు. ప్రీటెన్షనర్‌నూ కంప్యూటర్‌నూ రెండింటినీ ఊడదీశాక మిగిలిన ఒట్టి వైరును మీటర్‌తో చూడటం మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

వైరు అతకొచ్చా?

ఇక్కడ కంపెనీలే ఒక్క మాట మీద లేవు. కొన్ని ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌ను అసలు అతకవద్దు, హార్నెస్ (వైర్ల గుత్తి మొత్తం) మార్చమంటాయి. కొన్ని తమ కిట్‌తో, తాము చెప్పిన పద్ధతిలో కప్లర్ ముక్క అతకడానికి ఒప్పుకుంటాయి. మార్చమనేవాళ్ల వాదన: ఈ రెండు వైర్లను మెలివేసి పంపేది బయటి తరంగాల ప్రభావం పడకుండా. అతికిన చోట ఆ మెలిక పోతుంది, తేమ దూరే చోటు కొత్తగా పుడుతుంది. అతకమనేవాళ్లది డబ్బుల వాదన మాత్రమే కాదు. ఫ్లోర్ హార్నెస్ మార్చాలంటే సీట్లు, కన్సోల్, కార్పెట్ అన్నీ ఊడదీయాలి. ఒక్క పిన్ను కోసం నలభై కప్లర్లు తీసి పెడితే రేపు వాటిలో ఇంకోటి లూజ్ కాదన్న నమ్మకమేమిటని అడుగుతారు.

నా ఉద్దేశంలో వీళ్లిద్దరూ ఒకే అతుకు గురించి మాట్లాడుకోవడం లేదు. తగిన స్లీవ్‌తో నొక్కి, లోపల జిగురున్న ట్యూబు వేడి చేసి మూసిన అతుకు లెక్కలోకి రానంత తక్కువ నిరోధం కలుపుతుంది. వైర్లు చేత్తో మెలేసి టేపు చుట్టింది కూడా ఆ రోజుకు అంతే చూపిస్తుంది, స్కానర్ రెండింటినీ ఒకేలా పాస్ చేస్తుంది. తేడా తెలిసేది తేమ కాలంలో, టేపు జిగురు కరిగి రాగి నల్లబడినప్పుడు. సోల్డరింగ్ బలమైనదని మనవాళ్ల నమ్మకం. కదలని చోట నిజమే. సీటు కింద మాత్రం సీసం పాకినంత మేర వైరు బిరుసెక్కి, ఆ అంచు దగ్గరే విరుగుతుంది.

లైట్ ఆరితే బాగైనట్టేనా?

డమ్మీ గురించి చెప్పుకున్నాం కదా. పరీక్ష కోసం పెట్టే ఆ 2 ఓమ్స్‌నే శాశ్వతంగా వైరుకు అతికి కార్పెట్ కింద దాచేస్తే? కంప్యూటర్‌కు 2.2 ఓమ్స్ కనిపిస్తాయి, లైట్ ఆరిపోతుంది, స్కానర్ కూడా లోపం లేదంటుంది. అవతలి కొసన ప్రీటెన్షనర్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. గుద్దుకున్నప్పుడు కంప్యూటర్ పంపే కరెంటు ఆ రెసిస్టర్‌లోంచి పోతుంది. ఒకసారి యాక్సిడెంటై ప్రీటెన్షనర్ పేలిపోయిన కారును తక్కువలో తిప్పి అమ్మడానికి ఇది చవకైన అడ్డదారి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వాహనాలు మునిగిన తర్వాత సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు సీటు కింద బురద ఆనవాళ్లు వెతకడం నేర్చుకున్నారు. అదే చూపుతో ఇంకొన్ని గుర్తులూ పట్టవచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి, కొన్ని సెకన్ల తర్వాత, చాలా కార్లలో ఆరు సెకన్లకు, తనంతట తాను ఆరాలి. అసలు వెలగకపోతే లోపం లేదని కాదు, బల్బునే తీసేశారేమో. ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణానే ఆయిల్ లైట్‌తో కలిసి ఆరిపోతోందంటే రెండింటి వైర్లనూ కలిపేశారని అనుమానం. బకిల్ ప్రీటెన్షనర్ పేలిన వైపు బకిల్ రెండో వైపు దానికంటే కిందికి దిగి ఉంటుంది. పిల్లర్‌లోది పేలితే రీలు చాలాసార్లు బిగుసుకుని, పట్టీ సరిగ్గా లోపలికి చుట్టుకోదు.

బీప్ ఆపడానికి బకిల్‌లో గుచ్చే క్లిప్పులది కూడా ఇలాంటి వ్యవహారమే. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటి అమ్మకం ఆపమని అయిదు ఆన్‌లైన్ సంస్థలను ఆదేశించింది. క్లిప్పు ప్రీటెన్షనర్ వైరును ముట్టదు, లైట్ వెలిగించదు. కంప్యూటర్‌కు మాత్రం మనిషి బెల్ట్ పెట్టుకున్నాడనే అబద్ధం చేరుతుంది, కొన్ని కార్లలో ఏది ఎప్పుడు పేల్చాలన్న లెక్క దాని మీద కూడా ఆధారపడుతుంది.

ఒకసారి పేలిందంటే

ప్రీటెన్షనర్‌కు రిపేరు లేదు. స్క్విబ్ లోపల తీగ తెగినా, మందు పేలిపోయినా, విప్పి బాగుచేసే వస్తువు కాదది. పేలినవాటికి మళ్లీ మందు కూరి పంపే వ్యాపారం అమెరికాలో ఉంది. కొత్తదాని ధరలో కొంత భాగానికే పని అయిపోతుందని వాళ్లంటారు. ఆ బెల్ట్ మళ్లీ గుద్దుకున్నప్పుడు ఎలా ఉంటుందో పరీక్షించింది ఎవరని తయారీదారులు అడుగుతారు. పట్టీ ఒకసారి మనిషి బరువంతా మోసి సాగి ఉంటుంది, లోడ్ లిమిటర్ తిరిగిపోయి ఉంటుంది. మందు మార్చినంత మాత్రాన ఇవి కొత్తవి కావు కాబట్టి ఈ విషయంలో తయారీదారుల ప్రశ్నకే బరువెక్కువ. స్క్రాప్ కారు నుంచి తీసిన బెల్ట్ మరో ప్రత్యామ్నాయం. అది పేలకపోయి ఉండొచ్చు, నీళ్లలో నాని ఉండొచ్చు, బయటికి తెలియదు.

ఇది మందుతో పనిచేసే వస్తువని ఎందుకు పదేపదే చెప్పాలంటే, రవాణాలో దీన్ని ప్రమాదకర సరుకుల్లో తొమ్మిదో తరగతి కింద యూఎన్ 3268 నంబరుతో చూస్తారు. 2018లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో సుమారు 20 లక్షల ఎఫ్-150 ట్రక్కులను వెనక్కి పిలిచింది, ప్రీటెన్షనర్ పేలినప్పుడు ఎక్కువగా రేగే నిప్పురవ్వలు పిల్లర్ లోపలి సామగ్రిని అంటించే ప్రమాదం ఉందని. పాత బెల్ట్ యూనిట్‌ను ఇనుప సామాన్లవాడికి తూకానికి వేసే ముందు ఇది గుర్తుంటే మంచిది.

లైట్ వెలుగుతుండగా బెల్ట్ పనిచేస్తుందా?

పట్టీ, రీలు లాక్, బకిల్ మెకానికల్ కాబట్టి అవి మామూలుగానే పనిచేస్తాయి. లైట్ వెలిగింది కదా, ఇక పెట్టుకున్నా లాభమేముందని బెల్ట్ మానేయడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. పోతే పోయేది వదులు లాగే ఆ పది మిల్లీ సెకన్ల సాయం.

మిగతా ఎయిర్‌బ్యాగుల సంగతి అంత సూటిగా ఉండదు. కొన్ని కార్లలో కంప్యూటర్ లోపమున్న ఒక్క దారినే పక్కన పెట్టి మిగతావాటిని సిద్ధంగా ఉంచుతుంది. కొన్నిటిలో ఒక్క లోపానికే వ్యవస్థ మొత్తం ఆగిపోవచ్చు. ఎర్ర బొమ్మ రెండింటిలోనూ ఒక్కటే, అలాగే వెలుగుతుంది. మన కారు ఏ రకానిదో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూస్తేనే తెలుస్తుంది.